దాదా రోజ్‌నామ్‌చాలో చెల్లుగీత పడని లెక్క

పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకునేటప్పుడు మన కుటుంబాల్లో ముందుగా బయటికి పోయేవి పాత కాగితాలే. ఉర్దూ అక్షరాలు కనిపిస్తే చాలు, అల్లాహ్ నామం ఉందేమోనన్న భయంతో మూటగట్టి బావిలోనో కాలువలోనో వదులుతాం. లేకుంటే మసీదు అటక మీద పెట్టి వస్తాం. ఆ భయం మంచిదే, కాదనం. కానీ చదవడం రాదు గనుక ఉర్దూలో ఉన్నదంతా దువాల పుస్తకమే అనుకుని గౌరవంగా నీళ్లపాలు చేసిన జమాఖర్చులు, ఉత్తరాలు, దస్తావేజులు ఎన్ని ఉంటాయో లెక్క లేదు. మేమూ ఆ పనికి సిద్ధపడిన వాళ్లమే.

మా ఊరు నెల్లూరు జిల్లాలో, బకింగ్‌హాం కాలువకు పడమటి గట్టున ఉంటుంది. తూర్పున ఇసుక దిబ్బలు, సర్వి తోపులు, వాటి అవతల సముద్రం. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకో చివరికి వచ్చేసరికి పాఠకులకే తెలుస్తుంది. పాత మిద్దె కూల్చేటప్పుడు అటక మీది ట్రంకు పెట్టెలో మూడు పొడవాటి పుస్తకాలు దొరికాయి. చిల్లర కొట్టులో చిట్టాపద్దు రాసే పుస్తకాల వంటివే. మా తమ్ముడు వాటిని కాలువకు తీసుకుపోబోతుంటే ఒకసారి తెరిచి చూశాం. మొదటి పుట పైన బిస్మిల్లాహ్, దాని కింద ‘యా కబీకజ్’ అని ఉంది. పూర్వం అరబ్బీ, ఫార్సీ పుస్తకాలకు పురుగు పట్టకుండా ఈ మాట రాసేవారు. కబీకజ్ పురుగులకు రాజనీ, ఆయన పేరు చూస్తే పురుగులు దూరంగా పోతాయనీ నమ్మకం. మా దాదా రాసిన ఆ మాటలో సగాన్ని చెదలు తినేశాయి. మిగతా పుస్తకం మాత్రం దాదాపు క్షేమంగానే ఉంది.

అది దాదా రోజ్‌నామ్‌చా. 1924 నుంచి 1946 దాకా, మధ్య మధ్య ఖాళీలతో ఇరవై రెండేళ్ల రాత. ఆయన కాలువ రేవులో కట్టెల లెక్కలు రాసే గుమాస్తా. పొద్దున పిల్లలకు బగ్దాదీ ఖాయిదా చెప్పేవారు. కొద్దిపాటి కయ్యలు ఉండేవి. జమీందారూ కాదు, ఆలిమూ కాదు. అటువంటి మనిషి డైరీ ఎవరికి కావాలని మొదట మాకే అనిపించింది.

డైరీ అనగానే పెద్దవాళ్లే గుర్తుకొస్తారు. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి దుబాసీ ఆనందరంగ పిళ్లై 1736 నుంచి పాతికేళ్లు తమిళంలో రాసిన దినచర్య లోక ప్రసిద్ధం. మన తెలుగులో ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, మరుసటి ఏడాది సెప్టెంబరులో తిరిగి వచ్చేదాకా దారిలో చూసిన ప్రతి మజిలీనీ రాసుకున్నారు. నీళ్లు ఎక్కడ మంచివో, బియ్యం ఎక్కడ దొరుకుతాయో కూడా వదలలేదు. ఆర్కాటు నవాబు ఆజం జాహ్ 1823లో మద్రాసు నుంచి నాగూరు దాకా చేసిన ప్రయాణాన్ని గులాం అబ్దుల్ ఖాదిర్ నాజిర్ ఫార్సీలో ‘బహారె ఆజంజాహీ’ పేరుతో గ్రంథస్థం చేశారు. ఊళ్ల సంగతులకు కైఫియత్తులు ఉండనే ఉన్నాయి. కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులు, వారి మనుషులు కరణాల దండకవిలెలు చూసి, పెద్దలను అడిగి రాయించిన వృత్తాంతాలవి. కైఫియత్ అనేది మన మాటే, ‘ఎలా ఉన్నది’ అని దానర్థం. అయితే కైఫియత్తుల్లో గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఇనాం ఎవరిచ్చారు అన్నదే ఎక్కువ. ఆ చెరువు కింద సేద్యం చేసినవాడు మధ్యాహ్నం ఏం తిన్నాడో అందులో దొరకదు. దాని కోసం మా దాదా వంటి గుమాస్తాల చిట్టాలే చూడాలి.

చదవడమే ఒక చదువు

మేము మదరసాలో ఎనిమిదేళ్లు చదివాం, పాతికేళ్లకు పైగా పాఠాలు చెబుతున్నాం. అయినా మొదటి పుట చదవడానికి నాలుగు రోజులు పట్టింది. దాదా రాత షికస్తా, అంటే విరిగిన రాత. కలం ఎత్తకుండా అక్షరాలను కలిపేసుకుంటూ పోతారు, నుఖ్తాలు సగం పెట్టరు. లెక్కలేమో అంకెల్లో లేవు. సియాఖ్ రఖముల్లో ఉన్నాయి. అరబ్బీ సంఖ్యల పేర్లనే పొట్టిగా మెలితిప్పి రాసే పాత దఫ్తరు పద్ధతి అది. అంకెకు ఒక సున్నా చేర్చి మోసం చేసినట్టు ఇందులో చేయడం కష్టం గనుక లెక్కలు రాసేవారికి అది ఇష్టం. మాకు మదరసాలో ఎవరూ నేర్పలేదు. రూపాయి, అణా, పైసల మొత్తాలను కూడి చూసుకుంటూ, కింది కూడికను బట్టి పై రఖములను పోల్చుకున్నాం.

తారీఖుల సంగతి మరో చిక్కు. దాదా ఒకచోట హిజ్రీ నెల రాస్తారు. కయ్యల శిస్తు కట్టినప్పుడు ఫసలీ సంవత్సరం వేస్తారు. పడవల వాళ్లతో లావాదేవీ అయితే ప్రభవ, విభవ అని తెలుగు సంవత్సరం. మద్రాసు నుంచి ఉత్తరం వచ్చిన రోజున మాత్రం ఇంగ్లీషు తేదీ. మన ప్రాంతపు ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది జూలైలో మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1337, హిజ్రీ 1346, ప్రభవ, ఈ మూడూ ఒకే పుటలో కనిపిస్తే అది 1927 జూలైకీ 1928 మార్చికీ మధ్య కాలమని తేలిపోతుంది. హిజ్రీ తేదీని జంత్రీతో సరిచూసేటప్పుడు ఒక రోజు అటూఇటూ అయితే కంగారు పడనక్కర లేదు. నెలవంక మన ఊళ్లో ఏ రోజు కనిపించిందన్నదే దాదా లెక్క. సముద్రం పక్కన ఉన్నాం గనుక నీళ్ల మీద చంద్రుణ్ని చూసేవాళ్లమని పట్నం బంధువులు అనుకుంటారు. సముద్రం తూర్పున కదా! ఈద్ నెలవంక కోసం మా వాళ్లు సముద్రానికి వీపు పెట్టి, పడమట తాటితోపు తలల మీద వెతికేవారు.

తెలుగు మాటలను ఉర్దూ లిపిలో రాసినచోట అసలు పరీక్ష. ఉర్దూలో ళకారం లేదు, ణకారం లేదు. ఒక సంవత్సరం వేసవిలో ‘కాఫ్ లామ్ వావ్’ అని రాసి, ఎదురుగా రెండు అణాలు, మర్నాడు మళ్లీ రెండు అణాలు ఖర్చు వేశారు. చదివితే ‘కల్లు’! ఖాయిదా చెప్పే మనిషి కల్లుకు డబ్బు పెట్టారా అని ఇంట్లో అందరి ముఖాలూ మాడిపోయాయి. మా చిన్నవాడైతే ఆ పుట ఫొటో తీయవద్దన్నాడు. మా ఫుప్పు విని పకపకా నవ్వింది. “కల్లు కాదురా, కళ్లు! ఆ ఏడు ఊరంతా కళ్లకలక. అబ్బాజాన్ నెల్లూరు నుంచి మందు తెప్పించేవారు.” మా ఫుప్పుకు ఎనభై ఎనిమిదేళ్లు. ఆమె లేకుంటే మా తాత మీద మేమే అపవాదు వేసి ఉండేవాళ్లం.

పళ్లెంలో ఏముండేది

మన పిల్లలు ‘పూర్వీకులు’ అనగానే నవాబుల దస్తర్‌ఖాన్‌ను ఊహించుకుంటారు. పెళ్లి వేదికల మీద మన పెద్దలు చెప్పే కబుర్లు కూడా అలాగే ఉంటాయి. రోజ్‌నామ్‌చా చదివితే ఆ కల చెదిరిపోతుంది. కయ్యల్లో పండిన మొలగొలుకుల వడ్లు శిస్తు కోసం, అప్పు కోసం అమ్మకానికి పోయేవి. పుట్టికి ఇరవై తూములు, తూముకు నాలుగు కుంచాలు చొప్పున కొలిచి ఇచ్చిన లెక్క ప్రతి ఏడూ ఉంది. ఇంట్లోకి కొన్నవి రాగులు, జొన్నలు. కూరకు ఎక్కువగా చేప, అదీ డబ్బుకు కాదు. పట్టపు వాళ్ల ఆడవాళ్లు గంపలో తెస్తే గింజలు పోసి తీసుకునేవారు. వేటమాంసం ఖర్చు బక్రీద్ నాడు, అఖీఖా నాడు తప్ప లేదు. ఒక్క కాఫీ పొడి మాత్రం మద్రాసు పోయి వచ్చే పడవల మీద అప్పుడప్పుడు వచ్చేది. దాన్ని దాదా ‘దవా’ ఖాతాలో, అంటే మందుల కింద రాసుకున్నారు. భార్యకు చెప్పుకోవడానికా, అల్లాహ్‌కు చెప్పుకోవడానికా, తెలియదు.

కట్టెల లెక్క చదివితే ఆ తీరం ఎలా బతికిందో కనిపిస్తుంది. మద్రాసు పట్నం పొయ్యిల్లో మండిన సర్వి కట్టెలు, శ్రీహరికోట అడవి కట్టెలు ఈ కాలువ మీదుగానే పోయేవి. 1806 ప్రాంతంలో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా మొదలైన కాలువ అంచెలంచెలుగా ఉత్తరానికి సాగి పెదగంజాం చేరింది. 1876-78 నాటి ధాత కరువులో కూలి దొరికితే చాలునని వచ్చిన జనం చేత మద్రాసు దగ్గర కొంత భాగం తవ్వించారు. దానికి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. దాదా కాలానికి ఆ పేరు ఎవరూ పలికేవారు కాదు, కాలువ అంటే కాలువే. గాలి వాలుగా ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ మనుషులు తాడుతో లాగడం. గాలి లేని రోజున కూలి ఎక్కువ పడిందని దాదా విసుక్కుంటూ రాశారు. 1942 ఏప్రిల్‌లో విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడి, మద్రాసు ఖాళీ అయినప్పుడు, కట్టెలతో పోయిన పడవలు తిరుగు దారిలో మనుషులతో వచ్చాయి. వారి నుంచి బాడుగ తీసుకోవాలా వద్దా అని రేవులో తగవు పడ్డారు. తగవు ఎలా తీరిందో మాత్రం రాయలేదు.

చరిత్ర పుస్తకాల్లో ఉన్నది చాలా వరకు ఇందులో లేదు. 1930 ఏప్రిల్‌లో దేశమంతా ఉప్పు సత్యాగ్రహంతో అట్టుడికిపోయింది. ఉప్పు కయ్యలు పక్కనే ఉన్న మా ఊళ్లో దాదా ఆ వారంలో రాసిందల్లా గేదె ఈనిందని, దూడ నిలబడలేదని. ఆయనకు తెలియక కాదు. కొఠారు నౌకర్లతో రోజూ పని ఉన్నవాడు కాగితం మీద ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో చూసుకుని ఉంటారని మా అనుమానం.

‘ఘర్ మే’

మమ్మల్ని ఎక్కువ బాధపెట్టిన సంగతి మరొకటి. ఇరవై రెండేళ్ల రాతలో మా దాదీ పేరు ఒక్కసారి కూడా లేదు. గేదె కొన్నవాడి పేరుంది, తాడు అమ్మినవాడి పేరుంది. దాదీ గురించి రాయవలసి వస్తే ‘ఘర్ మే’ అంటారు. అంటే ‘ఇంట్లో’. ఆ కాలపు ఉర్దూ మర్యాద అది, పరాయివాళ్ల కళ్లబడే కాగితం మీద ఇంటి ఆడవాళ్ల పేరు రాయరు. మర్యాద సరే, మరి మనిషి ఏమైపోయింది? ఆమెను లెక్కల్లోంచి వెతికి తీయవలసి వచ్చింది. కోడిగుడ్లు అమ్మిన అణాలు, మేకపిల్ల మీద వచ్చిన రూపాయి, తాటాకు చాపల డబ్బు, ఇవన్నీ జమ వైపున ‘ఘర్ మే సే’ అని ఉన్నాయి. కొన్ని నెలల్లో గుమాస్తా జీతం కంటే ఆ జమే పెద్దది.

ఒక పుటలో ‘ఘర్ మే తబియత్ నాసాజ్’ అని వరుసగా ఆరు రోజులు ఉంది. ఏడో రోజున తెల్లగుడ్డ రెండు గజాలు, సబ్బు, అత్తరు. అంతే. జ్వరమేమో అనుకుని పుట తిప్పబోయాం. ఫుప్పు చేయి అడ్డం పెట్టింది. “రెండు గజాలు పెద్దవాళ్లకు చాలదు నాయనా” అంది. ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు. ఆమెకు ఆరేళ్లప్పుడు పోయిన తమ్ముడు. పేరు పెట్టారట, ఆ పేరు ఆమెకొక్కతెకే తెలుసు. మేము పెన్సిలుతో పుట అంచున రాసుకున్నాం.

అందుకే ఇంట్లో ఇటువంటి పుస్తకం దొరికితే ముందుగా చేయవలసిన పని భద్రం చేయడం కాదు, ఇంట్లో అందరికంటే పెద్దవారి పక్కన కూర్చుని చదివి వినిపించడం. పుస్తకం ఇంకా పదేళ్లు ఆగుతుంది, వాళ్లు ఆగకపోవచ్చు. భద్రం చేసే పద్ధతి కష్టమేమీ కాదు. ఎండలో పెట్టవద్దు, నీడలో గాలికి ఆరనివ్వాలి. చిరిగినచోట టేపు అంటించవద్దు, కొన్నాళ్లకు అదే కాగితాన్ని తినేస్తుంది. ప్లాస్టిక్ సంచిలో బిగించవద్దు, మన తీరప్రాంతపు చెమ్మకు లోపలే బూజు పడుతుంది. ఉతికిన నూలుగుడ్డలో చుట్టాలి. ఫోనుతో పుట తరువాత పుట ఫొటో తీసి, ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచాలి. రాతలో కనిపించే పొరుగువారి గుట్టు ఊళ్లో చెప్పవద్దు. ఎవరి కూతురు ఎందుకు పుట్టింటికి వచ్చిందో దాదా రాసుకున్నారు. అది ఆయన తన కోసం రాసుకున్నది, మనం చాటడానికి కాదు.

పదమూడు రూపాయల ఎనిమిది అణాలు

ఇప్పుడు అసలు సంగతి. 1927 నవంబరు మొదట్లో నెల్లూరు తీరాన్ని పెద్ద తుపాను కొట్టింది. రోజ్‌నామ్‌చాలో ‘తూఫాన్’ అన్న ఒక్క మాట, తరువాత పదకొండు రోజులు ఖాళీ. పన్నెండో రోజున మళ్లీ కలం పట్టి తాటాకు మోపుల ధర, పోయిన పశువులు, మునిగిన పడవలు వరుసగా రాశారు. మునిగిన ఒక పడవ యజమాని కూడా పోయాడు. వారం తరువాత ఆయన భార్య అరవై రూపాయలు దాదా దగ్గర అమానత్‌గా దాచింది. అవి కొంచెం కొంచెంగా తిరిగి ఇచ్చినట్టు రెండేళ్ల పాటు రాసుకున్నారు. తీరిపోయిన ప్రతి లెక్క మీద దాదా అడ్డంగా చెల్లుగీత కొట్టేవారు. ఈ లెక్క మీద గీత లేదు. పదమూడు రూపాయల ఎనిమిది అణాలు మిగిలి ఉన్నాయి.

ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయత్, బఖరా సూరా 282వది, అప్పు పత్రం రాసుకోవడం గురించే. ఆస్తి పంచుకునే ముందు మృతుని వసియ్యత్, అప్పు తీర్చాలని నిసా సూరా చెబుతుంది. ఈ పాఠాలు మేము ఎన్ని తరగతులకు చెప్పామో! దాదా కయ్యలు అమ్మి మా తండ్రి, పినతండ్రులు పంచుకున్నారు. ఆ సొమ్ముతోనే మా చదువు. మరి ఈ పదమూడున్నర?

ఇంట్లో ఒప్పుకోలేదు. నోటిమాటగా తీర్చి ఉంటారులే అని తమ్ముడి వాదం. కావచ్చు. ఇద్దరు ఆలిములను అడిగాం. ఒకరు రూపాయికి రూపాయే అన్నారు. రెండోవారు, నాటి రూపాయి వెండి నాణెం గనుక వెండి తూకం చూడమన్నారు. నాటి రూపాయి తులం బరువు, పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. పదమూడున్నర రూపాయలకు 157 గ్రాములకు పైచిలుకు బరువు, అందులో మేలిమి వెండి 144 గ్రాములు. మేము రెండో మాటే పట్టుకున్నాం. మొదటిది తప్పని కాదు, పదమూడు రూపాయల యాభై పైసలు పట్టుకుని ఒకరి గడప ఎక్కడానికి మాకు ముఖం చెల్లలేదు.

వారి వాళ్లను వెతకడానికి మూడు నెలలు పట్టింది. కాలువ మీద పడవలు ఏనాడో పోయాయి. రేవు ఉన్నచోట తుమ్మచెట్లు, దాదా కయ్యలు ఉన్నచోట రొయ్యల గుంటలు. సముద్రం ఒడ్డున, 2004 సునామీ తరువాత కట్టిన ఇళ్ల కాలనీలో ఆ పడవ యజమాని మనవరాలు ఉందని తెలిసింది. డెబ్బై దాటిన మనిషి. తమ్ముడు కూడా చివరికి వెంట వచ్చాడు. సంగతి చెప్పి వెండి విలువకు సరిపడా డబ్బు ముందు పెట్టాం. ఆమె డబ్బు వైపు చూడలేదు.

“అప్పు సంగతి మాకెవురికీ తెలీదు సాయిబూ” అంది. “మా జేజి చెప్పేది ఒకటే. ఆ గాలివానకి ఇల్లు కొట్టుకపోతే మీ మసీదులో ఉన్నారంట మావాళ్లు. పది దినాలో, ఇంకా ఎక్కవో. సాయిబులు గంజి కాసి పోశారంట.”

మేము తమ్ముడి ముఖం చూశాం. రోజ్‌నామ్‌చాలో పదకొండు రోజులు ఖాళీ. తాటాకు ధర రాసిన మనిషి, మసీదులో ఎవరు పడుకున్నారో, గంజి ఎవరు కాశారో ఒక్క అక్షరం రాయలేదు.

డబ్బు తీసుకోవడానికి ఆమె చాలాసేపు ఒప్పుకోలేదు. మా తాత గోరీలో భారం మోస్తున్నాడేమోనని మా భయం అని చెబితే తీసుకుని దేవుడి పటం ముందు పెట్టింది. తరువాత, “ఆ పుస్తకంలో మా తాత పేరు ఉండాదా?” అని అడిగింది. ఉందన్నాం. ఆయనకు ఫొటో లేదట, ఏ కాగితంలోనూ పేరు లేదట. పుస్తకం తెరిచి ఆ వరుస చూపించాం. ఆమె వేలు పెట్టి, ఇదేనా అంది. పక్కనున్న మనవడు ఫోనుతో ఫొటో తీసుకుని, ఈ అక్షరాలు ఎటు నుంచి చదవాలి అని అడిగాడు. కుడి నుంచి ఎడమకు అని చెప్పి, వేలు జరుపుతూ పేరు చదివి వినిపించాం. ఆమె ఇంకోసారి చదవమంది.